కుర్చీ ఇచ్చారు సరే, గొంతు ఇచ్చారా?



ఎన్నికలు వచ్చినప్పుడల్లా బుట్టాయగూడెం నుంచి వేలేరుపాడు దాకా మన ఊళ్లల్లో ఒకే మాట వినపడుద్ది. "మీవాడికే సీటు ఇచ్చాం కదా, ఇంకేం కావాలి మీకు?" పోలవరం ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. ఆ సీటు మనవాడికి కాక ఇంకెవరికిస్తారు? అది ఏ పార్టీ దయా కాదు. రాజ్యాంగం రాసిపెట్టిన హక్కు. అయినా సొంత పొలంలోంచి ఎకరం దానం చేసినట్టు చెబుతారు. మనమేమో తలూపుతాం.

ఆ తలూపుడు మీద నాకు కోపం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

అయితే మన ఎమ్మెల్యేల్లో ఎవరి పేరూ తీసుకోను. ఒక పేరు ఎత్తగానే ఇది పార్టీ గొడవ అయిపోద్ది, అసలు సంగతి గట్టెక్కి కూర్చుంటది. అందుకే మన తెగ కాని, మన సీటు కాని, కానీ మనవాళ్లెవరూ ఎక్కనంత ఎత్తు ఎక్కిన ఒక మనిషి జీవితాన్ని మీ ముందు పెడుతున్నాను. కాకినాడ కోర్టులో మామూలు వకీలుగా మొదలై లోక్‌సభ స్పీకర్ దాకా వెళ్లిన గంటి మోహనచంద్ర బాలయోగి గారు. ఆయన చనిపోయింది మన కొల్లేరు పక్కన. 2002 మార్చి 3, ఆదివారం పొద్దున భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలిపోయింది. అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. అప్పట్లో కైకలూరు కృష్ణా జిల్లా. ఇప్పుడు మన ఏలూరు జిల్లా. ఏలూరు లోక్‌సభ సీటులో కైకలూరూ ఉంది, మన పోలవరమూ ఉంది.

ఆయన గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పినా "దళితుడు స్పీకర్ అయ్యాడు చూడండి, మీరూ కావచ్చు" అని చెప్పి ఆపేస్తారు. ఆ ఆపేసిన చోటి నుంచే నేను మొదలుపెడతాను.

*

ముందు ఆయన దారి చూడండి. 1951 అక్టోబర్ 1న తూర్పు గోదావరి జిల్లా ఎదుర్లంకలో పుట్టారు. గోదావరి పాయకు ఇవతల ఎదుర్లంక, అవతల యానాం. వ్యవసాయం చేసుకునే దళిత కుటుంబం. సొంత ఊళ్లో ప్రాథమిక చదువుకే వీలు లేక పక్కనున్న గుత్తెనదీవి వెళ్లి చదువుకున్నారు. తర్వాత కాకినాడలో పీజీ, ఆంధ్రా యూనివర్సిటీలో లా. 1980లో కాకినాడలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. ఇంట్లోవాళ్లు జీవితాంతం నిశ్చింతగా ఉండే ఉద్యోగం. కొద్దికాలానికే దాన్ని వదిలేశారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడయ్యారు. 1991లో అమలాపురం నుంచి తెలుగుదేశం ఎంపీ. 1996లో ఓడిపోయారు. ముమ్మిడివరం ఉపఎన్నికలో ఎమ్మెల్యేగా గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్య మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ ఎంపీ. ఆ ఏడాది మార్చి 24న లోక్‌సభ స్పీకర్. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. ఆయనకు ముందు అందులో కూర్చున్నది పి.ఎ.సంగ్మా, గారో ఆదివాసీ, ఆయనా లా చదివినవాడే. 1999 ఎన్నికల తర్వాత బాలయోగి గారిని సభ మళ్లీ స్పీకర్‌గా ఎన్నుకుంది.

బడి లేని లంక ఊరి నుంచి పార్లమెంటు పైమెట్టు దాకా పద్దెనిమిదేళ్ల ప్రయాణం. దీన్ని తక్కువ చేసే మనిషి ఎవరైనా ఉంటే వాడికి మన పేజీలో చోటు లేదు. ఎదుర్లంక, యానాం మధ్య గోదావరి మీద వంతెన ఉంది, దానికి ఆయన పేరే పెట్టారు. పడవ కోసం రేవులో కాసుకు కూర్చున్నవాళ్లకు ఆ వంతెన విలువ తెలుసు. గోదావరి ఒడ్డునే పుట్టిన మనకూ తెలుసు.

కానీ మెచ్చుకోవడం ఒకటి, పాఠం నేర్చుకోవడం ఇంకొకటి. దండలు వేసేవాళ్లు మొదటిది చేస్తారు. మనకు రెండోది కావాలి.

*

1999 ఏప్రిల్ 17. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానం పెట్టిన రోజు. ఆ సభలో ఇద్దరి కథ మనకు కావాలి.

ఒకరు కుర్చీలో ఉన్న బాలయోగి గారు. ఇంకొకరు గిరిధర్ గమాంగ్. మన సీతంపేట కొండల్లోని సవరలకు అన్నదమ్ముల వరస అయ్యే సొర ఆదివాసీ. 1972 నుంచి కోరాపుట్ ఎంపీ. ఆ ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కానీ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ముఖ్యమంత్రి లోక్‌సభలో ఓటేయొచ్చా అని గొడవ. బాలయోగి గారి సొంత పార్టీ తెలుగుదేశం ప్రభుత్వానికి మద్దతిస్తోంది. గమాంగ్ ఓటు ఆపేస్తే ఆ పార్టీకి మేలు. ఆయన ఆపలేదు. ఆ నిర్ణయాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. 269కి 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

పార్టీ లాభం కన్నా కుర్చీ మర్యాద పెద్దదని బాలయోగి గారు ఆ రోజు చూపించారు. అది ఆయనకు దక్కాల్సిన గౌరవం.

ఇప్పుడు గమాంగ్ వైపు చూడండి. ఒక ఆదివాసీ ఓటు ఢిల్లీ సర్కారును పడగొట్టిందని దేశమంతా చెప్పుకుంది. ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ ఓటు ఆదివాసీదా? కాంగ్రెస్ విప్ ఇచ్చింది, కాంగ్రెస్ ఎంపీ వేశాడు. ఆ ఓటులో కోరాపుట్ కొండలు లేవు, బాక్సైట్ లేదు, పోడు లేదు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2000 డిసెంబర్ 16న, అదే కోరాపుట్ వైపు కాశీపూర్ దగ్గర మైకంచ్ ఊళ్లో, బాక్సైట్ తవ్వకాన్ని ఎదిరించిన ముగ్గురు ఆదివాసులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ ఒక్క ఓటు సంగతి చదువుకున్న ప్రతివాడికీ గుర్తుంది. ఆ ముగ్గురు ఎందుకు చనిపోయారో మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసు? అడిగి చూడండి.

అణగారిన మనుషుల ఓటుకు విలువ ఎప్పుడొస్తది? పెద్దోళ్ల లెక్కకు ఒకటి తక్కువైనప్పుడు. మన లెక్క మనం చెప్పినప్పుడు మాత్రం రాదు. ఇది ఆ రోజు నేర్పిన మొదటి పాఠం.

*

రెండో పాఠం కుర్చీది.

స్పీకర్ అంటే ఇంగ్లీషులో మాట్లాడేవాడు అని అర్థం. కానీ సభలో తన సొంత మాట అందరికన్నా తక్కువ మాట్లాడాల్సింది ఆయనే. ఓట్లు సమానంగా చీలితే తప్ప ఓటు కూడా ఉండదు. తన నియోజకవర్గం గురించి లేచి ప్రశ్న వేయలేడు. చర్చలో పక్షం పట్టలేడు. అది ఆ పదవి ధర్మం, తప్పు కాదు. కానీ రిజర్వుడు సీట్లో గెలిచిన ఒక చదువుకున్న వకీలును, పేదోళ్ల బాధ పుట్టుకతో తెలిసినవాడిని, ఏ కుర్చీలో కూర్చోబెట్టారో గమనించండి. అన్నిటికన్నా ఎత్తైన కుర్చీలో. అన్నిటికన్నా మౌనంగా ఉండాల్సిన కుర్చీలో.

ఆయన స్పీకర్‌గా ఉన్న కాలంలో మనకు ఏం జరిగిందో గుర్తు చేస్తాను. మంచీ జరిగింది. 1999లో కేంద్రంలో గిరిజన వ్యవహారాల శాఖ విడిగా ఏర్పడింది. 2000లో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల బిల్లులు ఆ సభలోనే పాసయ్యాయి. ఆ జనవరిలోనే మన రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది, ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని. ఎవరు చేసినా మేలు మేలే, ఒప్పుకుందాం.

కానీ ఆ కాలంలోనే ఇంకోటీ నడిచింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమతా కేసులో తీర్పిచ్చింది. అనంతగిరి మండలం బొర్రా వైపు గనుల లీజుల మీద పుట్టిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక "వ్యక్తి"యే, ప్రభుత్వ భూమినైనా ఆదివాసేతర ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. ఆ తీర్పును మార్చమని వేసిన పిటిషన్లను 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టులో కుదరలేదు కాబట్టి ఆ జులైలో కేంద్ర గనుల శాఖ ఏకంగా అయిదో షెడ్యూల్‌నే సవరిద్దామని నోట్ తయారుచేసింది. మన నేలకున్న తలుపు గడియనే పీకేద్దామన్న ఆలోచన. అది ముందుకు సాగలేదు. ఆపింది మన జనం అలజడి.

ఇందులో బాలయోగి గారి తప్పుందని నేను అనడం లేదు. స్పీకర్ చేతిలో ఉండే పని కాదది. నేను అడిగేది వేరే ప్రశ్న. ఆయన కాకినాడలో వకీలుగా ఉన్న రోజుల్లో ఒక కూలోడు వచ్చి కాగితం చేతిలో పెడితే, వకాలత్ మీద సంతకం పెట్టి కోర్టులో నిలబడి ఆ కూలోడి తరఫున గొంతెత్తడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ పార్టీ విప్ ఆయన్ని ఆపలేదు. ఎంపీ అయ్యాక విప్ వచ్చింది. మంత్రి అయ్యాక కేబినెట్ మాట వచ్చింది. స్పీకర్ అయ్యాక సభ మర్యాద వచ్చింది. మెట్టు పెరిగే కొద్దీ గొంతుకు తాడు బిగిసింది. ఇది ఒక మనిషి బలహీనత కాదు. ఈ నిచ్చెనను అలాగే కట్టారు.

*

మన ఎమ్మెల్యేల సంగతికి వద్దాం.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 సీట్లు. అందులో ఎస్టీ సీట్లు ఏడు: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల చట్టం వచ్చింది. విప్‌కు ఎదురు ఓటేస్తే సభ్యత్వం పోద్ది. ఆ ఏడుగురూ ఏ పార్టీలో ఉన్నా, ఏజెన్సీకి నష్టం చేసే బిల్లు వాళ్ల పార్టీయే పెడితే, చెయ్యి ఎత్తాల్సిందే. లోక్‌సభకొస్తే ఇంకా చిన్నది మన లెక్క. ఏలూరు పార్లమెంటులో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. ఉంగుటూరు, దెందులూరు, ఏలూరు, నూజివీడు, కైకలూరు జనరల్. చింతలపూడి ఎస్సీ. మనది ఏడింట్లో ఒకటి. ఎంపీ కావాలనుకున్నోడు పోలవరం కొండల్లో ఓట్లు తగ్గినా డెల్టాలో సర్దుకుంటాడు.

"అయితే మనోళ్లు ఏం చేయగలరు పాపం?" అంటారు కొందరు. ఈ "పాపం" అనే మాటే మన కొంప ముంచుతోంది. ఎందుకంటే విప్ చెల్లని చోటు ఒకటుంది. దాని గురించి మనం అడగం, వాళ్లు చెప్పరు.

అది గిరిజన సలహా మండలి. అయిదో షెడ్యూల్ నాలుగో పేరా చదవండి. ఇరవై మందికి మించని మండలి, అందులో ముప్పాతిక మంది శాసనసభలోని ఎస్టీ ప్రతినిధులే ఉండాలి. అయిదో పేరా చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతం భూమి మీద గవర్నర్ ఏ రెగ్యులేషన్ తేవాలన్నా ముందు ఈ మండలిని సంప్రదించాలి. ఫిరాయింపుల చట్టంలో విప్ నియమం సభలో వేసే ఓటుకే. సలహా మండలి సభ కాదు. అక్కడ మన ఎమ్మెల్యే లేచి "ఇది మా జనానికి చేటు, నేను ఒప్పుకోను" అంటే ఆయన సీటు పోదు. మహా అయితే వచ్చేసారి టికెట్ పోద్ది.

ఇప్పుడు చెప్పండి. మీ ఎమ్మెల్యే సలహా మండలిలో ఏం మాట్లాడాడో మీకు తెలుసా? ఆ సమావేశం ఎప్పుడు జరిగిందో మీ ఊరి గ్రామసభలో ఎవరైనా చదివి వినిపించారా? అసెంబ్లీలో నోరు కట్టేశారంటే నమ్ముతాం. కట్టని చోట కూడా నోరు విప్పకపోతే దానికి పేరేంటి? టికెట్ భయం. ఆ భయానికి మన భూమి ఎందుకు వెలకట్టాలి?

*

కొల్లేరు వైపు ఒకసారి రండి. ఆ నేల మన కథే ఇంకో యాసలో చెబుద్ది.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అందులోకి దిగుతాయి. ఉప్పుటేరు నీళ్లను సముద్రానికి తీసుకుపోద్ది. 1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం పేద మత్స్యకారులకు, దళితులకు సొసైటీలు పెట్టి చెరువులు తవ్వుకోనిచ్చింది. కాగితం మీద పేదోడు యజమాని. తర్వాత ఏమైంది? పెట్టుబడి పెద్దోళ్లది, లీజు పెద్దోళ్లది, లాభం పెద్దోళ్లది. పేదోడు తన పేరున్న చెరువు గట్టు మీదే కాపలా కూలి. సరస్సును చెరువులు మింగేశాయి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పగలగొట్టారు. 2008కల్లా అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని ఇదే శాసనసభ తీర్మానం చేసింది.

ఆ తీర్మానం ఎంత చకచకా వచ్చిందో చూడండి. చెరువుల వెనక ఓట్లున్నాయి, డబ్బుంది, పైగా అన్ని పార్టీల్లో మనుషులున్నారు. కుకునూరు, వేలేరుపాడు మునిగిపోతున్న ఊళ్ల కోసం ఆ వేగం ఎప్పుడైనా చూశారా? పోలవరం జాతీయ ప్రాజెక్టు అని 2014 విభజన చట్టంలో రాశారు. మండలాలను ఖమ్మం నుంచి ఇటు కలిపేశారు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. డెల్టాకు నీళ్లు, మనకు కాలనీ. ఆ కాలనీ షెడ్యూల్డ్ ప్రాంతం దాటితే 1/70 రక్ష కూడా వెనకే ఉండిపోద్ది.

కొల్లేరులో సొసైటీ కాగితం, ఏజెన్సీలో బినామీ కాగితం. రెండూ ఒకే వైద్యుడి మందులు. 1917 నాటి ఏజెన్సీ చట్టం నుంచి 1959 రెగ్యులేషన్, 1970 సవరణ దాకా మన భూమికి చట్టం కాపలా ఉంది. 1/70 ప్రకారం ఏజెన్సీలో ఆదివాసేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఆదివాసీ దగ్గర్నుంచే వచ్చిందని ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అవతలివాడిది. ఆదివాసీ ఫిర్యాదు చేయకపోయినా అధికారి తనంతట తాను కేసు తీసుకోవచ్చు. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. ఇంత పదునైన చట్టం దేశంలో ఎన్ని చోట్ల ఉంది? అయినా 1990ల్లో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో మన పెద్దోళ్లు తమ భూమిలోకి తామే దిగడానికి ఉద్యమం చేయాల్సి వచ్చింది. కేసులు మోశారు, జైళ్లు చూశారు. చట్టం కాగితం మీద పదును. దాన్ని పట్టుకునే చెయ్యి మనది కాదు.

ఆ చెయ్యే నాకు కావాల్సింది.

*

సమతా తీర్పు ఏ ఎమ్మెల్యే తెచ్చాడు? ఏ ఎంపీ తెచ్చాడు? ఒక సంస్థ, కొంతమంది వకీళ్లు, భయపడకుండా ముందుకొచ్చిన ఊళ్లు. 1950 తర్వాత ఆంధ్రా ఏజెన్సీ భూమికి దక్కిన పెద్ద గెలుపుల్లో ఒకటి కోర్టు గదిలో వచ్చింది. పెద్ద ఓటమి కూడా అక్కడే వచ్చింది. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు జడ్జిల ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. బీఈడీ, డీఎడ్ చేసి డీఎస్సీ కోసం కూర్చున్న మన అక్కచెల్లెళ్ల ఆశ మీద దెబ్బ పడింది. ఆ తర్వాత అసెంబ్లీ ఎన్నిసార్లు కూర్చుందో లెక్కపెట్టండి. కోర్టు పరీక్షకు నిలబడే కొత్త చట్టం ఏదీ?

కోర్టులు మనవి అని నేను చెప్పను. ఫీజులు, వాయిదాలు, స్టేలు, మన భాష రాని జడ్జి, అన్నీ ఉన్నాయి. భూమి కేసులో అవతలివాడు ఏలూరు నుంచి వకీలును కారులో తీసుకొస్తాడు. మనోడు ఎవరో రాసిచ్చిన అర్జీ మడత పెట్టుకుని బస్సు దిగుతాడు. అందులో సర్వే నంబరు తప్పుంటే ఆ తప్పుకు ఏళ్లు పడతాయి. ఇది న్యాయం లేని చోటని చెప్పడం సులువు. కానీ ఆ చోటును ఖాళీగా వదిలేస్తే అవతలివాడే కూర్చుంటాడు.

తాడేపల్లిగూడెం నిట్‌లో మన పిల్లోడికి సీటొస్తే ఊరంతా ఫ్లెక్సీ కడతాం. మంచిదే, కట్టండి. అదే పిల్ల ఏలూరులో లా కాలేజీలో చేరితే "నల్లకోటేసుకుని ఏం చేస్తావ్?" అని అడుగుతాం. ఆ ప్రశ్న ఇక మానేద్దాం. కోయ, కొండరెడ్డి ఇళ్ల నుంచి ప్రతి మండలానికీ ఇద్దరు వకీళ్లుంటే ఏమవుద్దో ఊహించండి. పోడు పట్టా తిరస్కరించిన కాగితం మీద కారణం రాయించేవాళ్లు వాళ్లు. గ్రామసభ తీర్మానం లేకుండా భూసేకరణ నోటీసు వస్తే 1996 పెసా చట్టం, 2011 రాష్ట్ర పెసా నిబంధనలు చేతిలో పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కేవాళ్లు వాళ్లు. కోయ మాటలో కేసు విని, తెలుగులో రాసి, కోర్టు భాషలో వాదించేవాళ్లు వాళ్లు.

*

నాకు ముందే తెలుసు, రెండు ఎదురు ప్రశ్నలొస్తాయి.

ఒకటి: "అంటే రిజర్వుడు సీట్లు దండగంటావా?" కాదు. వెయ్యిసార్లు కాదు. సీటు లేకపోతే బాలయోగి గారిని ఆ సభ గుమ్మం కూడా ఎక్కనిచ్చేవాళ్లు కాదు. సీటు మన హక్కు. కానీ సీటు చేతికి పనిముట్టు. పనిముట్టును గోడకు తగిలించి పూలదండ వేస్తే పొలం దున్నబడదు.

రెండు: "దళిత నాయకుడి గురించి ఆదివాసీ నువ్వెందుకు మాట్లాడతావు?" ఆయన ఎక్కిన నిచ్చెన, మనకు చూపిస్తున్న నిచ్చెన ఒకటే కాబట్టి. కొల్లేరు గట్టు మీద కాపలా కూలీగా మారిన దళితుడూ, జీలుగుమిల్లిలో తన పొలంలోనే కూలికెళ్లే కోయోడూ ఒకే మోసానికి దొరికారు కాబట్టి. మనల్ని విడివిడిగా మెచ్చుకునేవాళ్లు విడివిడిగానే ముంచుతున్నారు కాబట్టి.

*

మరి ఏం చేద్దాం? పెద్ద మాటలొద్దు. నాలుగు పనులు.

ఎమ్మెల్యేని "ఏం తెచ్చావు?" అని అడగడం ఆపి "ఏం మాట్లాడావు?" అని అడుగుదాం. సలహా మండలి సమావేశంలో ఆయన అన్న మాటలు, ఆ సమావేశం మినిట్స్, ప్రతి గ్రామసభలో తెలుగులో చదివించాలని తీర్మానం చేద్దాం. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెడదాం. పది రూపాయల పని.

ఓటడగొచ్చే ప్రతి అభ్యర్థి ముందూ ఒక కాగితం పెడదాం. 1/70ని సడలించే ఏ ప్రతిపాదననూ సలహా మండలిలో ఒప్పుకోనని, టీచర్ పోస్టుల్లో స్థానిక ఆదివాసుల కోసం చట్టానికి పట్టుబడతానని, నిర్వాసితులకు భూమికి భూమి ఇచ్చేదాకా ఊరు ఖాళీ చేయించడాన్ని వ్యతిరేకిస్తానని సంతకం పెట్టమందాం. పెట్టనోడి ఫొటో మన పేజీలో వేద్దాం. పెట్టి తప్పినోడి ఫొటో ఇంకా పెద్దది వేద్దాం.

డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్నవాళ్లు లాసెట్ రాయండి. పుస్తకాలు, కోచింగ్, గది అద్దె మనం చందాలేసుకుందాం. పెళ్లిళ్లలో డీజేకు పెట్టే డబ్బుతో ఒక వకీలు తయారవుతాడు, ఒట్టు.

లా చదవలేనివాళ్లు మీ ఊరి భూమి కాగితాలు చదవండి. అడంగల్, సెటిల్‌మెంట్ రికార్డు, ఎవరి పేరున ఏ సర్వే నంబరు ఎప్పటి నుంచి ఉందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. రేపు కోర్టుకు మన వకీలు వెళ్లేటప్పుడు ఆయన చేతిలో ఉండాల్సిన ఆయుధం ఆ నోటుబుక్కే.

బాలయోగి గారు మేజిస్ట్రేటు ఉద్యోగం వదులుకున్నారు. రేపు మనలో ఒకరు అసెంబ్లీకి వెళ్లొచ్చు, పార్లమెంటుకూ వెళ్లొచ్చు. వెళ్లాలి కూడా. కానీ ఆ మనిషి వెళ్లేలోగా ఇక్కడ వంద మంది అడిగేవాళ్లు తయారవ్వాలి. అడిగేవాళ్లు లేని చోట ఎంత మంచి మనిషైనా కుర్చీకి అలవాటైపోతాడు. అడిగేవాళ్లున్న చోట ఎంత పిరికివాడైనా ఒకసారి లేచి నిలబడాల్సి వస్తది.

"మీవాడికే సీటిచ్చాం కదా" అని ఈసారి ఎవరైనా అంటే తలూపకండి. "సీటు రాజ్యాంగం ఇచ్చింది, గొంతు మేమిస్తాం. ఆ గొంతు మా ఊరి మాట చెప్పకపోతే మళ్లీ మా ఊరికి రావద్దు" అని చెప్పండి. గట్టిగా చెప్పండి, గ్రామసభలో చెప్పండి, మినిట్స్‌లో రాయించండి.

మావ నాటె, మావ రాజ్!
జోహార్ ఆదివాసీ అమరులకు!